దున్న కోసం మెమరీ వేట

కంప్యూటర్ తెలిసినవాడంటే పశువుల డాక్టరుకిచ్చినంత మర్యాద ఇచ్చే రోజులవి. ఇద్దరిదీ నోరులేని జీవాలకు వైద్యం చేసే పనే కదా అని కాబోలు. నాకప్పుడు ఇరవై మూడేళ్ళు. శృంగవరపుకోటలో ఆరు నెలల కోర్సు చేసి, ఒక సర్టిఫికెట్టు సంపాదించి (దాన్ని లామినేషను చేయించడంలో చూపిన శ్రద్ధ చదువులో చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు), జేబులో రెండు పెన్నులు పెట్టుకుని, అరకు కొండల్లో ఓ చిన్న కాఫీ రైతుల సంఘంలో కంప్యూటర్ ఆపరేటరుగా చేరాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పేయడంలో ఎంత సుఖముందో ఈ వయసులో తెలిసింది గానీ, అప్పట్లో ఆ మాట నా నోట్లోంచి రావాలంటే పన్ను పీకినంత పనయ్యేది.

సంఘం ఆఫీసు అంటే రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో కాఫీ బస్తాలు, వెనక గదిలో నేను. సెక్రటరీగా రిటైరైన బడిపంతులు ఒకాయన ఉండేవారు, మైదానం నుంచి ఉద్యోగానికొచ్చి కొండల్లోనే ఉండిపోయిన మనిషి. ఆయన్ని అందరం మాస్టారూ అనేవాళ్ళం. సంఘానికి పెద్ద మాత్రం ఊరంతా పెద్దమ్మా అని పిలిచే ఆవిడ. ఆడ రైతుల గుంపుకి నాయకురాలు. బడి గడప తొక్కలేదు, కానీ మూడు కొండల మీద ఎవరి గట్టు ఏ పనస చెట్టు దగ్గర మొదలై ఏ బండరాయి దగ్గర ఆగుతుందో ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ ముందు నా సర్టిఫికెట్టు ఎప్పుడూ కొంచెం వంగినట్టే కనపడేది.

ఆ కంప్యూటరు మాకు దానంగా వచ్చింది. విశాఖపట్నంలో ఏదో కంపెనీవాళ్ళు ఇంజినీర్లు బొమ్మలు గీసుకునే పాత వర్క్‌స్టేషన్లు తీసేస్తుంటే, మాస్టారి మేనల్లుడు ఒకటి అడిగి పంపించాడు. మామూలు కంప్యూటరు కాదది. నల్లగా, బలంగా, ఒక్క మనిషి ఎత్తలేనంత బరువు. జీపు గెడ్డ (కొండవాగు) దగ్గరే ఆగిపోతే అక్కణ్ణించి కావిడి వేసుకుని తెచ్చారు, ఒక పక్క డబ్బా, ఇంకో పక్క మానిటరు. గుమ్మంలో నిలబడి చూసిన పెద్దమ్మ, "ఏటి బాబూ, దున్నపిల్లనట్టుకొచ్చినారు?" అంది. ఆ రోజు నుంచి దాని పేరు దున్న. వర్క్‌స్టేషన్ అన్న మాట మూడు వారాలు ప్రచారం చేసి చూశాను గానీ ఒక్కరూ పట్టించుకోలేదు.

ఇక దున్న చెయ్యాల్సిన పని ఏమిటంటే, ఒక్క మ్యాపు. మా కొండల మీద కాఫీ చెట్లకు పురుగుమందు కొట్టిన పాపాన ఎవరూ పోలేదు. అయినా కొట్టలేదని కాగితం ఉంటేనే మంచి ధరకు కొంటామని దూరాభారపు కొనుగోలుదారు ఒకాయన అన్నాడు. (తప్పు చెయ్యనివాడే కాగితం చూపించాల్సి రావడం లోకరీతి.) ఆ కాగితం ఇచ్చే తనిఖీ ఆయనకి నూట ముప్ఫై చిల్లర తోటల హద్దులు, పేర్లతో సహా మ్యాపు మీద కనపడాలి. హద్దులు కొలిచే పని అయిపోయింది, సంఘం మనుషులు చలికాలమంతా కొండలెక్కి దిగి కొలిచారు. మిగిలిందల్లా ఆ కొలతల్ని శాటిలైటు ఫోటో మీద పరిచి అచ్చు తీయడమే. అది తనిఖీ రోజుకి చేతిలో లేకపోతే మళ్ళీ ఏడాది దాకా ఆయన రాడు. ఆ ఏడాదీ ఆడవాళ్ళు గంపలెత్తుకుని సంతలో షావుకారు ఏ మాట అంటే ఆ మాటకి పోసి రావాలి. అంతా తెలిసే నేను ధైర్యంగా, "అదెంత పని మాస్టారూ" అన్నాను.

ఫోటో తెరిచాను. పైనుంచి కొండలు మెల్లగా దిగుతూ వచ్చాయి. సగం దాకా వచ్చాక ఆగిపోయాయి. డబ్బా లోపల్నుంచి ఎవరో కంకర నమిలినట్టు చప్పుడు. అరగంట చూశాం, గంట చూశాం, మాస్టారు మధ్యలో వెళ్ళి భోంచేసి వచ్చారు. కొండలు అక్కడే ఉన్నాయి. మెమరీ చాలడం లేదని నాకు అర్థమైంది, ఆ మాత్రం కోర్సులో చెప్పారు. పెద్దమ్మకి చెప్పాల్సి వచ్చినప్పుడు, "గొడౌన్లో బస్తాలు బోలెడున్నాయి పెద్దమ్మా, కానీ ఆరబెట్టే కళ్ళం చిన్నది. పదిబస్తాలు ఒక్కసారి పోస్తే ఎక్కడ ఆరతాయి?" అన్నాను. నా జీవితంలో నేనిచ్చిన అత్యుత్తమ సాంకేతిక వివరణ అదే. ఆవిడ వెంటనే, "అయితే కళ్ళం పెద్దది సెయ్యి. దానికింత ఏడుపు మొహమేటి?" అంది.

అప్పుడు ప్లాను రాశాను. ఉత్త ప్లాను కాదు, మూడు పేజీలు. లక్ష్యం, అవసరం, ప్రయోజనం, ముగింపు అని ఉపశీర్షికలు. మాస్టారు అలవాటు చొప్పున ఎర్రపెన్ను తీసి ఒత్తులు దిద్ది, పదికి ఎనిమిది వేసి, కింద 'భేష్' అని రాసి డబ్బు మంజూరు చేశారు. ఆ మూడు పేజీల్లో అన్నీ ఉన్నాయి గానీ, ఒక్కసారి దున్న మూత తీసి లోపల ఏ రకం మెమరీ ఉందో చూడడం అన్న అంశం లేదు. పెళ్ళిచూపులకెళ్ళి పెళ్ళికూతుర్ని తప్ప అందరినీ చూసొచ్చినట్టు. ఎస్‌టీడీ బూత్ నుంచి విశాఖపట్నం షాపుకి ఫోను చేస్తే అవతలాయన, "ఏ టైపు కావాలి బాస్?" అన్నాడు. "డెస్క్‌టాప్‌కే" అన్నాను గంభీరంగా. "అది సరే, ఏ టైపు?" అన్నాడు. "మంచిదే" అన్నాను. ఫోను పెట్టేశాడు పాపం.

సరిగ్గా అప్పుడే ఇటుకల పండగొచ్చింది. చైత్రంలో వస్తుందది. విత్తనాలకు పూజ చేసుకుని, మగాళ్ళు అడవికి వేటకెళ్తారు. (నేనెళ్ళేనాటికే వేట చాలావరకు పేరుకే. విల్లు పట్టుకెళ్ళి తేనె తెచ్చినా లెక్కే.) ఆడవాళ్ళు దారికి అడ్డంగా కర్ర కట్టి, వచ్చేపోయే బండినల్లా ఆపి, పాట పాడి పజోరు వసూలు చేస్తారు. పజోరంటే పండగ మామూలు. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. వేటకెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కుమ్మరిస్తారు. మధ్యాహ్నం పాసింజరుకి నేను బయల్దేరుతుంటే పెద్దమ్మ నవ్వుతూ, "పండగనాడు ఊరు దాటెల్లేది ఎవులైనా వేటకే బాబూ. ఉత్త సేతుల్తో రాకు సుమా" అంది. నేను కూడా నవ్వాను. సర్టిఫికెట్టు ఉన్నవాళ్ళకి ఇలాంటివి వర్తించవనుకున్నాను.

విశాఖలో పిన్నిగారింట్లో పడుకుని, పొద్దున్నే ఫోనులో మాట్లాడిన షాపుకెళ్ళి, తాళం తీస్తుంటేనే లోపలికి దూరి, మెరిసే కవరులో ఒక మెమరీ కడ్డీ కొన్నాను. ఆ రోజు రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది గనక మర్నాడు ఎక్కాను. టైడా దాటాక ఎదురు సీటాయన ఆ కవరేమిటని అడిగిన పాపానికి, సొరంగం వచ్చినప్పుడల్లా ఆపుతూ, వెలుతురు రాగానే అందుకుంటూ, ఆయనకి కంప్యూటరు నేర్పాను. అరకు కంటే ముందొచ్చే షిమిలిగూడలో ఆయన దిగిపోయాడు. టిక్కెట్టు అరకుకే తీసుకున్నాడని తర్వాత గుర్తొచ్చింది.

స్టేషన్ నుంచి జీపులో వస్తుంటే మా ఊరి మలుపులో కర్ర అడ్డం పడింది. నలభైమంది ఆడవాళ్ళు, డప్పు, మధ్యలో పెద్దమ్మ. పక్కన మూత పెట్టిన బకెట్టు. "వేటకెల్లినావు గదా, ఏటి పడ్డాది?" అంది. కవరు పైకెత్తి చూపించాను. ఆవిడ దాన్ని ఎండకి ఎత్తి చూసి, "సెవులపిల్లి తోకంతైనా నేదు. ఇదే ఆ కళ్ళమంతా?" అంది. అదే అన్నాను. అంతే, నుదుటిన పసుపుబొట్టు పెట్టి, చేతులు చేతులు పట్టుకుని థింసా అడుగులేస్తూ, డప్పుతో ఆఫీసు దాకా ఊరేగించారు. అంత మర్యాద నా పెళ్ళిలో కూడా జరగలేదు. (మా ఆవిడ ఇది చదువుతుంది, నిజమే కనుక ఉంచేస్తున్నాను.)

గదిలో సగంమంది, కిటికీ దగ్గర సగంమంది. అందరి ముందూ ఆపరేషనుకి దిగే సర్జనులా చొక్కా చేతులు మడిచి, దున్న మూత తీశాను. మెమరీ పెట్టే గాడులు నాలుగున్నాయి. రెండింటిలో ఇనుప తొడుగు వేసుకున్న కడ్డీలున్నాయి. మిగతా రెండింటిలో పచ్చటి పలకలు, వాటి మీద ఒక్క చిప్పైనా లేదు. "చూశారా మాస్టారూ మోసం! ఇవి ఉత్త పలకలు. లెక్కకి నాలుగు కనపడాలని ఎవరో పెట్టేశారు" అని వాటిని పీకి కిందపడేశాను. జనంలోంచి మెచ్చుకోలుగా ఒక 'ఓ' వచ్చింది. ఖాళీ అయిన గాడిలో కొత్త కడ్డీ పెట్టాను. దిగలేదు. తిప్పి పెట్టాను. దిగలేదు. బొటనవేళ్ళతో నొక్కాను. మాస్టారు నెమ్మదిగా చెవిలో, "ఒరేయ్ నాయనా, దాని గాటు ఒకచోట ఉంది, దీని గాటు ఇంకోచోట ఉంది. ఎటు తిప్పినా అదేరా" అన్నారు.

సరే, పాత కళ్ళంతోనైనా నడిపి పరువు దక్కించుకుందామని మీట నొక్కాను. బీప్, బీప్, బీప్ అంది. తెర మీద చీకటి. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మొన్నటిదాకా కుంటుతూనైనా నడిచిన జీవం ఇప్పుడు లేవనే లేదు. గదిలో డప్పు ఆగిపోయింది. పెద్దమ్మ, "బాబూ, వేట పడ్డాదా, నేదా?" అంది. నేను, "కంపాటిబిలిటీ ప్రాబ్లం" అన్నాను. ఆవిడ మాస్టారి వంక చూసింది. ముప్ఫై ఏళ్ళు అబద్ధమాడకూడదని పిల్లలకి పాఠం చెప్పిన మనిషి, "పడలేదమ్మా" అనేశారు.

వాళ్ళ మంచితనం మాత్రం చెప్పుకోవాలి. "ఇక్కడొద్దు, దున్న మీద పడతాది. బయటికి రా బాబూ" అంది పెద్దమ్మ. నేను బుద్ధిగా వెళ్ళి అరుగు కింద నిలబడ్డాను. బకెట్టు మూత తీశారు. మొదటి చెంబు చల్లగా తగిలింది, రెండోది వాసనగా తగిలింది, ఆ తర్వాత లెక్కపెట్టలేదు. నలభైమందీ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. జేబులో రెండు పెన్నులూ పేడలో మునిగిపోయాయి.

గెడ్డలో మునిగి, సబ్బు సగం అరగదీసి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. పేడనీళ్ళకి బాధ లేదు, నిజం చెప్తున్నాను. వాళ్ళు నవ్వుతూ పోశారు, రేపటికి మర్చిపోతారు. తనిఖీ ఇంక ఐదు రోజులుంది. అంతకుముందు సగం కొండలైనా చూపించిన యంత్రాన్ని నేను చంపేశాను. చలికాలమంతా ముళ్ళలో తిరిగి కొలిచిన ఆ కొలతలన్నీ దాని పొట్టలోనే ఉన్నాయి. మర్నాటి రైలుకి శృంగవరపుకోట వెళ్ళిపోయి, అక్కణ్ణించి రాజీనామా ఉత్తరం పోస్టు చేద్దామని నిశ్చయించుకున్నాను. దానికి కూడా ఉపశీర్షికలు ఆలోచిస్తున్నాను.

పెద్దమ్మ వచ్చి పక్కన కూర్చుంది. రొంటిన దోపుకున్న మూట విప్పి, నేను పారేసిన రెండు పచ్చ పలకలూ తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఏల పారేసినావు ఇయ్యి?" అంది.

"వాటిలో ఏమీ లేదు పెద్దమ్మా. ఉత్తవి."

"మొన్న ఇయ్యి ఉన్నాయి, దున్న నడిసింది. ఇయ్యాల నువ్వు తీసీసినావు, పడిపోనాది. అంతేనా?"

"అంతే గానీ... ఉత్త పలకలు ఏం పనిచేస్తాయి?"

ఆవిడ నన్ను జాలిగా చూసింది. "నువ్వు ఎప్పుడూ వేట సూడనేదు బాబూ. విల్లు అందరికాడా ఉంటాదేటి? ఇద్దరికాడో ముగ్గురికాడో ఉంటాది. మిగతావోలు కొండ సుట్టూ ఎక్కడ కంత ఉంటే అక్కడ నిలబడతారు. ఆలేటీ కొట్టరు. ఊరికే నిలబడతారు. ఒక్కడు ఎల్లిపోనాడనుకో, ఆ కంతలోంచి జంతువు తప్పించుకుంటాది, వేట పోతాది. దారి కాసేవోలని అంటాం. ఆలకీ వాటా ఉంటాది. ఎల్లు, బేగి పెట్టీ."

వెళ్ళి పెట్టాను. రెండు పలకలూ వాటి గాడుల్లో 'టక్' మని కూర్చున్నాయి. మీట నొక్కాను. దున్న ఒకసారి గురకపెట్టి లేచింది. నా ఆరు నెలల కోర్సులో చెప్పనిది, తర్వాత పుస్తకాల్లో వెతికి చూస్తే అక్షరాలా ఆవిడ చెప్పిందే. ఆ రకం మెమరీకి గాడులన్నీ నిండి ఉండాలి. ఒక్కటి ఖాళీ ఉన్నా దారి తెగిపోతుంది. అందుకే ఏమీ లేని పలకలైనా పెడతారు. ఆవిడకి ఇది అడవిలో తెలిసింది. నాకు పేడనీళ్ళు పోయించుకుంటే గానీ తెలియలేదు.

ఆ సాయంత్రం మాస్టారి దగ్గరికెళ్ళి, "మాస్టారూ, నాకు తెలియదు" అన్నాను. "ఏది తెలియదు?" అన్నారు. "చాలా" అన్నాను. ఆయన నా ప్లాను కాగితాలు తీసి, ఎనిమిది కొట్టేసి నాలుగు వేశారు. తర్వాత ఇద్దరం టార్చిలైటు పెట్టుకుని పాత కడ్డీల మీద ఉన్న అంకెలూ అక్షరాలూ పొల్లుపోకుండా నోటుబుక్కులో ఎక్కించుకున్నాం.

రెండోసారి విశాఖ వెళ్ళాను. కొన్న షాపాయన నోటుబుక్కు చూసి, "ఈ జాతి అంతరించిపోయింది గురూ" అన్నాడు, కడ్డీ మాత్రం మర్యాదగా వెనక్కి తీసుకున్నాడు. నాలుగు షాపులు తిరిగాక ఒక సందులో, చచ్చిపోయిన కంప్యూటర్ల మధ్య కూర్చుని టంకం పెడుతున్న పెద్దాయన దొరికాడు. నేను ముందే, "నాకు పెద్దగా తెలియదండీ, మీరే చెప్పండి" అన్నాను. ఆ మాటకి ఆయన మొహం విప్పారి స్టూలు లాగి కూర్చోమన్నాడు. "ఇవి జంట పక్షులు నాయనా. ఒక్కటి పెడితే లేవవు, జతగానే పెట్టాలి" అని, పాత యంత్రం ఒకటి విప్పి, ఒకే రకం కడ్డీలు రెండు తీసి పాత న్యూస్‌పేపరులో చుట్టి ఇచ్చాడు. పనిచేస్తాయా అని అడిగితే, "దానిలో చేసేవి. మీ దానిలో చేస్తాయో లేదో పెట్టి చూడాలి" అన్నాడు. రైల్లో ఈసారి ఎవరికీ ఏమీ నేర్పలేదు.

మలుపులో కర్ర ఉంది. బకెట్టు కూడా ఉంది. పండగ ఇంకా అవలేదు మరి. "ఏటి పడ్డాది?" అంది పెద్దమ్మ. "తెలియదు పెద్దమ్మా, పెట్టి చూడాలి" అన్నాను. ఆవిడ సాలోచనగా తలూపి, "నీల్లు కూడా అట్టుకు రండే" అంది గుంపుతో. నా వెనకే బకెట్టు ఆఫీసు దాకా వచ్చింది.

ఉత్త పలకలు రెండూ జాగ్రత్తగా తీసి పెద్దమ్మ చేతిలో పెట్టాను. వాటి చోట కొత్త జత దిగింది, నొక్కకుండానే. మీట నొక్కాను. కాసేపు ఏమీ లేదు. బకెట్టు మూత కదిలిన చప్పుడు వినపడింది. అప్పుడు నల్లటి తెర మీద మూలగా అంకెలు కనపడి ఎక్కడం మొదలుపెట్టాయి. దున్న తన మెమరీ తను లెక్కపెట్టుకుంటోంది. పాత హద్దు దగ్గరికొచ్చి ఒక్క క్షణం తటపటాయించినట్టనిపించింది (నాకే అనిపించి ఉంటుంది). అది దాటింది. "ఎక్కుతున్నాది, ఎక్కుతున్నాది!" అని కిటికీలోంచి కేకలు. రెండింతల దగ్గర ఆగింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పేడనీళ్ళు కావు.

ఫోటో తెరిచాను. కొండలు దిగుతూ వచ్చి, సగం దాటి, గెడ్డ దాటి, అడుగుదాకా వచ్చేశాయి. వాటి మీద హద్దులు పరిచాను. ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. "అద్గదీ నా పనస సెట్టు!" "ఇది మా వొదిన గట్టు, సూడే, మా గట్టులోకి జరిగిపోనాది!" మ్యాపు అచ్చవడానికి ముందే రెండు గట్టు తగాదాలు మొదలై, పెద్దమ్మ అక్కడికక్కడే తీర్చేసింది. తనిఖీ ఆయన వచ్చాడు, మ్యాపు పట్టుకుని రెండు రోజులు కొండలెక్కాడు, పెద్దమ్మ వెనక పరిగెత్తలేక ఆయాసపడ్డాడు. వానలు పడేలోపే కాగితం వచ్చింది. ఆ ఏటి పంట సంత షావుకారు దాకా పోలేదు.

అయితే నేను చెప్పదలుచుకున్నది పండగ ఆఖరి రోజు సంగతి. వేట వాటాలు పంచుతున్నారు. వేట అంటే మూడు కోళ్ళు, కొంత తేనె. అడ్డాకుల్లో పొట్లాలు వరసగా పెట్టారు. జంతువుని కొట్టినవాడికి మొదటి వాటా, పెద్దది. రెండుసార్లు రైలెక్కి వేట తెచ్చినవాణ్ణి నేనే కదా అని చొక్కా సర్దుకుని ముందుకెళ్ళాను. పెద్దమ్మ ఆ మొదటి పొట్లం తీసుకెళ్ళి దున్న మీద పెట్టి, బొట్టు పెట్టి వచ్చింది. నాకు వరసలో చివర్న, అందరితో సమానంగా ఉన్న పొట్లం ఇచ్చింది. నా మొహం చూసి, "దారి కాసినోడి వాటా బాబూ. రైలెక్కి ఎల్లిపోదావనుకున్నావు గదా, ఎల్లనేదు. నిలబడ్డావు. అదే సాలు" అంది. రాజీనామా సంగతి ఆవిడకి నేను చెప్పనేలేదు.

ఇన్నేళ్ళయింది. ఇప్పుడు నా జేబులో ఫోనుకే అప్పటి దున్నలు వందకి పైగా పెట్టేంత మెమరీ ఉంది. దాన్ని పెట్టుకుని నేను చేసేది మాత్రం మనవరాలి ఫోటోలు చూడడం. ఆ రోజు పెద్దమ్మ రెండు పలకల్లో ఒకటి రొంటిన దోపుకుని, రెండోది నాకిచ్చింది. బల్ల సొరుగులో ఉంది. ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాళ్ళు పెన్ను కోసం సొరుగు తీసి, "ఇదేంటి సార్?" అంటారు. మెమరీ గాడిలో పెట్టేది అంటాను. "ఎంత పడుతుంది సార్ ఇందులో?" అంటారు. ఏమీ పట్టదు అంటాను. వాళ్ళు మర్యాదగా నవ్వి, ముసలాయనకి చాదస్తమని లోపల అనుకుంటూ వెళ్ళిపోతారు. నేను దాన్ని మళ్ళీ సొరుగులో, దాని చోట్లో పెట్టేస్తాను. ఆ చోటు ఖాళీగా ఉంచడం నాకిష్టం ఉండదు.